క్రూస్, సాంతోస్, ఇగ్లేసియాస్: మతం నుంచి పుట్టిన స్పానిష్ ఇంటిపేర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్పానిష్ నేర్చుకునేవాళ్ళు, ఫుట్‌బాల్ చూసేవాళ్ళు, అమెరికాలో స్పానిష్ పేర్లవాళ్ళతో కలిసి పనిచేసేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతున్న సందేహాలివి. అన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్నే విడిగా చదువుకోవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఇంటిపేరులో దేవుడున్నంత మాత్రాన ఆ కుటుంబం ఎంత భక్తి కలదో, ఏ జాతిదో తెలియదు. ఎప్పుడో ఒక పూర్వీకుడి పేరు ఎక్కడ, ఏ పరిస్థితిలో పుస్తకానికి ఎక్కిందో కొంత తెలుస్తుంది, అంతే. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే ఇంటర్నెట్ నిండా కట్టుకథలు తిరుగుతున్నాయి.

## మొదట్లో వచ్చే సందేహాలు

స్పెయిన్‌వాళ్ళకి రెండు ఇంటిపేర్లు ఎందుకు? అందులో అసలైంది ఏది?

రెండూ అసలైనవే. మొదటిది తండ్రి నుంచి, రెండోది తల్లి నుంచి వస్తుంది. నటి పెనెలోపె క్రూస్ పూర్తి పేరు పెనెలోపె క్రూస్ సాంచెస్. తండ్రి వైపు క్రూస్, అంటే సిలువ. తల్లి వైపు సాంచెస్, అంటే సాంచో అనే పూర్వీకుడి సంతానం. సాంచో అనే పేరుకు లాటిన్‌లో ‘పవిత్రం’ అనే మాటే మూలం. అంటే ఒకే మనిషి పేరులో రెండు వైపుల నుంచీ మతం మూలాలు వచ్చి చేరాయి. పెళ్ళయ్యాక స్పెయిన్‌లో ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. తండ్రి పేరే ముందుండాలన్న నియమాన్ని కూడా ఇప్పుడు తీసేశారు. 2017 నుంచి బిడ్డకు ఏ పేరు ముందుండాలో తల్లిదండ్రులే మాట్లాడుకుని రాయించాలి.

ఈ ఇంటిపేర్లు ఎప్పుడు స్థిరపడ్డాయి?

చాలామంది అనుకునేదానికన్నా ఆలస్యంగా. పదహారో శతాబ్దంలో కూడా ఒక తల్లి పిల్లలు వేరువేరు ఇంటిపేర్లు పెట్టుకోవడం మామూలే. 1561లో పుట్టిన కవి లూయిస్ దె గొంగొరా తండ్రి ఇంటిపేరు అర్గోతె. కొడుకు మాత్రం తల్లి ఇంటిపేరునే ముందు పెట్టుకున్నాడు. పదిహేనో శతాబ్దం చివర్లో స్పెయిన్ చర్చి పెద్ద కార్డినల్ సిస్నేరోస్ తన పరిధిలోని విచారణలలో (పారిష్‌లలో) జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) పుస్తకాలు రాయాలన్నారు. 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ తర్వాత కాథలిక్ లోకమంతా ఆ పద్ధతి పాకింది. ప్రభుత్వం తరఫున జనన మరణాల నమోదు 1871లో మొదలయ్యాక, తండ్రి పేరు, తల్లి పేరు అనే వరస చట్టంగా బిగుసుకుంది. ఒక ఇంటిపేరు వెయ్యేళ్ళుగా చెక్కుచెదరకుండా వస్తోందని ఎవరైనా అంటే కాగితాలు అడగండి.

సాంచెస్, పేరెస్, దొమింగెస్ కూడా మతపరమైన పేర్లేనా?

నేరుగా కాదు, ఒక మెట్టు అవతల నుంచి. చివర్లో వచ్చే ‘ఎస్’ సంతానాన్ని సూచిస్తుంది. పేరెస్ అంటే పేద్రో సంతానం, పేద్రో అంటే పునీత (సెయింట్) పేతురు పేరు. బెనితెస్‌కు మూలం బెనితో, అంటే ఆశీర్వాదం పొందినవాడు. దొమింగెస్ దొమింగో నుంచి వచ్చింది. ప్రభువుకు చెందినవాడని దాని అర్థం, ఆదివారానికీ స్పానిష్‌లో అదే మాట. మార్తీనెస్ సంగతి వేరు. మార్తిన్ అనే పేరు పుట్టింది రోమన్ల యుద్ధదేవత మార్స్ నుంచి, కానీ ఇంటింటా వ్యాపించింది మాత్రం తూర్ నగరపు పునీత మార్టిన్ పుణ్యాన. ఇలాంటి పేర్లను ‘పునీతుడి పేరున్న పూర్వీకుడి సంతానం’ అని చదువుకుంటే సరిపోతుంది.

## ఒక్కో పేరు గురించి

సాంతోస్ అంటే పునీతులు కదా. వాళ్ళ వంశంలో ఎవరైనా పునీతులున్నారా?

అలా కాదు. ఈ పేరుకు ఎక్కువగా చెప్పే కారణం నవంబర్ 1న వచ్చే సకల పునీతుల పండుగ. ఆ రోజు పుట్టిన బిడ్డకు సాంతోస్ అని పేరు పెట్టేవారు. అలాంటి పేరు తర్వాతి తరాలకు ఇంటిపేరయింది. పునీతుల పేరుతో వెలసిన ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. 2016లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న అప్పటి కొలంబియా అధ్యక్షుడు హువాన్ మాన్యుయెల్ సాంతోస్ ఇంటిపేరు ఇదే. దె లోస్ సాంతోస్ అన్నా అర్థం అదే, ‘పునీతుల’ అని షష్ఠీ విభక్తి చేరుతుంది.

క్రూస్‌కీ దె లా క్రూస్‌కీ తేడా ఉందా?

అర్థంలో లేదు, రెండూ సిలువే. ఊరి పొలిమేరలో, నాలుగు దార్ల కూడలిలో రాతి సిలువ నిలబెట్టడం స్పెయిన్‌లో పాత అలవాటు. దాని పక్కన ఉండే ఇంటివాళ్ళను ‘సిలువ దగ్గరివాళ్ళు’ అనేవారు. పవిత్ర సిలువ పేరున్న చర్చిలు, ఊళ్ళు కూడా బోలెడు. కొందరికి జ్ఞానస్నానం రోజున భక్తితో పెట్టిన పేరు ఇది. ఒక కుటుంబంలోనే ఒక తరం ‘దె లా’తో, తర్వాతి తరం అది లేకుండా రాయడం పాత పుస్తకాల్లో మామూలుగా కనిపిస్తుంది. కాబట్టి ఆ రెండు ముక్కలను పట్టుకుని వేరు వంశాలని తేల్చకండి.

ఇగ్లేసియాస్ అంటే ‘చర్చిలు’ అట, నిజమేనా? బహువచనం ఎందుకు?

నిజమే. ఆ పేరున్న ఊళ్ళు ఉన్నాయి, చర్చి చుట్టూ పెరిగిన పల్లెలవి. అక్కడినుంచి కదిలి వెళ్ళినవాళ్ళకు ఊరి పేరే ఇంటిపేరయింది. బహువచనం కూడా అక్కడినుంచే వచ్చింది. గాయకుడు హూలియో ఇగ్లేసియాస్ వల్ల మనకు బాగా తెలిసిన పేరు ఇది. 1879లో స్పెయిన్ సోషలిస్టు పార్టీని స్థాపించిన పాబ్లో ఇగ్లేసియాస్‌దీ ఇదే ఇంటిపేరు. కార్మిక ఉద్యమ నాయకుడి పేరులో చర్చి ఎందుకుందని కొందరు ఆశ్చర్యపోతారు. ఇంటిపేరు ఆయన ఎంచుకున్నది కాదు, ఆయన నమ్మకాలకూ దానికీ లంకె లేదు.

సాంతందేర్, సాంతియానా, సాఆగున్ లాంటి పేర్లలో నిజంగా పునీతులు దాగున్నారా?

ఉన్నారు. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. జనం నాలుక మీద వందల ఏళ్ళు నలిగి, పునీతుడి పేరు ఊరి పేరులో గుర్తుపట్టలేనంతగా కలిసిపోయింది. సాంతియాగో అంటే సాంత్ యాగో, అంటే పునీత యాకోబు. సాంతందేర్ పునీత ఎమెతేరియో పేరు. లాటిన్‌లో ‘సాంక్తి ఎమెతేరి’ అని ఉన్నది అరిగి అరిగి అలా తేలింది. సాంతియానాలో ఉన్నది పునీత జూలియానా. సాఆగున్‌లో పునీత ఫకుందో ఉన్నాడు. సాంతిబాన్యెస్ పునీత యోహాను, సాన్‌హుర్హో పునీత జార్జి. సాంతానా అంటే సాంతా ఆనా, మన కాథలిక్కులు అన్నమ్మగారని పిలిచే మరియమాత తల్లి. గిటారిస్టు కార్లోస్ సాంతానా ఇంటిపేరు అదే. అర్జెంటీనా సంగీత దర్శకుడు గుస్తావో సాంతాఓలాయా పేరులో ఉన్నది పునీత యూలాలియా.

ఇలాంటి ఇంటిపేరున్న కుటుంబానికి ఆ పునీతుడి మీద ప్రత్యేక భక్తి ఉండేదని చెప్పలేం. ఆ ఊరి నుంచి వచ్చారన్నదే దగ్గరి అర్థం. మెక్సికో ఆదివాసుల జీవితాన్ని వాళ్ళ భాషలోనే గ్రంథస్థం చేయించిన సన్యాసి బెర్నార్దీనో దె సాఆగున్ పేరులో ఉన్నది కూడా ఆయన సొంత ఊరే.

రేయెస్, రామోస్, పాస్కువల్ పండుగ రోజున పుట్టినవాళ్ళ పేర్లేనా?

పాస్కువల్ మటుకు ఖాయంగా ఈస్టర్ మాటే. మొదట అది మనిషి పేరు, తర్వాత ఇంటిపేరు. రేయెస్ అంటే రాజులు. బాలయేసును చూడవచ్చిన ముగ్గురు రాజుల పండుగ జనవరి 6న వస్తుంది, ఆ రోజుతో ముడిపెట్టడం సబబే. అయితే రాజుగారి కొలువులో పనిచేసినవాళ్ళకు వచ్చిన పేరు కూడా కావచ్చు. రామోస్ అంటే కొమ్మలు. మట్టల ఆదివారాన్ని స్పానిష్‌లో ‘దొమింగో దె రామోస్’ అంటారు కాబట్టి ఆ రోజు పుట్టిన బిడ్డ అనే వివరణ పుట్టింది. కానీ చెట్టుచేమలున్న చోటు నుంచి, రామోస్ అనే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఫుట్‌బాల్ ఆటగాడు సెర్హియో రామోస్ పూర్వీకులది ఈ రెండిట్లో ఏ దారో పేరు చూసి ఎవరూ చెప్పలేరు.

అబాద్ అంటే మఠాధిపతి. మఠాధిపతికి పెళ్ళే ఉండదు, మరి వారసులు ఎలా వచ్చారు?

న్యాయమైన ప్రశ్న. అబాద్, మోన్హె (మఠవాసి), ఫ్రాయిలె (సన్యాసి), ఒబిస్పో (బిషప్పు) లాంటి పేర్లు ఎక్కువగా మారుపేర్లుగా మొదలయ్యాయి. మఠం పొలాలు సాగుచేసిన రైతును, మఠాధిపతి ఇంట్లో పనిచేసిన నౌకరును, సన్యాసిలా గంభీరంగా తిరిగే మనిషిని ఊరివాళ్ళు అలా పిలిచేవారు. మధ్యయుగాల్లో గురువులకు (చర్చి ఫాదర్లకు) సహచరిణులు, పిల్లలు ఉండటం కూడా చరిత్రలో నమోదైన సంగతే, కాబట్టి ఆ దారినీ కొట్టిపారేయలేం. సాక్రిస్తాన్ విషయంలో చిక్కే లేదు. చర్చి వస్తువులు చూసుకుంటూ గంట కొట్టే ఉద్యోగి అతను. పెళ్ళి చేసుకోవడానికి అడ్డులేదు.

రొమేరో మతం పేరా, మొక్క పేరా?

రెండూ. రోముకు యాత్ర వెళ్ళినవాడు రొమేరో, తర్వాత యాత్రికులందరికీ ఆ మాట వాడారు. రోజ్‌మేరీ మొక్కను కూడా స్పానిష్‌లో రొమేరో అనే అంటారు. 1980లో పీఠం దగ్గర పూజ చేస్తుండగా హత్యకు గురై, 2018లో పునీతుడైన ఎల్ సాల్వదోర్ దేశపు ఆర్చిబిషప్పు ఒస్కార్ రొమేరో వల్ల ఈ పేరు ఇప్పుడు కొత్త గౌరవం తెచ్చుకుంది.

బాస్క్ ఇంటిపేర్లలో కూడా ఇలాంటివి ఉన్నాయా?

ఉన్నాయి, కాకపోతే స్పానిష్ మాత్రమే తెలిసినవాళ్ళకు అవి కనిపించవు. స్పెయిన్ ఉత్తరాన మాట్లాడే బాస్క్ భాషలో ‘ఎలిసా’ అంటే చర్చి. ఎలిసోందో అంటే చర్చి పక్కన, ఎలిసాల్దె అంటే చర్చి వైపు.

## అనాథ పిల్లలు, మతం మారినవాళ్ళు

ఎక్స్‌పోసితో అంటే ఏమిటి? దాన్ని చెడ్డ పేరని ఎందుకంటారు?

లాటిన్‌లో ‘బయట పెట్టిన’ అని అర్థం. పేదరికం వల్లో, పెళ్ళికాని తల్లికి పరువు భయం వల్లో పసిగుడ్డును చర్చి గుమ్మంలో, అనాథాశ్రమం తలుపు దగ్గర వదిలేసేవారు. ఆశ్రమం గోడలో ‘తోర్నో’ అనే తిరిగే చెక్క పెట్టె ఉండేది. బయట వీధిలోంచి అందులో బిడ్డను పెట్టి తిప్పితే లోపలి మనిషి చేతికి అందేది. వదిలినవాళ్ళ ముఖం లోపలివాళ్ళకు కనిపించేది కాదు. కొన్నిసార్లు బట్టలో ఒక చీటీ, సగానికి చించిన బొమ్మ, చిన్న పతకం ఉండేవి. ఎప్పటికైనా తిరిగివచ్చి బిడ్డను గుర్తుపట్టాలన్న ఆశ అది. వెంటనే జ్ఞానస్నానం ఇచ్చేవారు. తల్లిదండ్రుల పేర్లు రాయాల్సిన చోట ఏమీ లేదు కాబట్టి ఎక్స్‌పోసితో అని రాసేవారు.

ఆ ఒక్క మాట పిల్లల్ని జన్మంతా వెంటాడింది. ‘అక్రమ సంతానం’ అనే తిట్టు వాళ్ళకు తప్పేది కాదు. 1794లో రాజు నాలుగో కార్లోస్ ఒక ఉత్తర్వు ఇచ్చి, ఈ పిల్లల్ని చట్టం దృష్టిలో సక్రమ సంతానంగానే చూడాలన్నాడు, అలా తిట్టినవాళ్ళకు శిక్ష ఉంటుందన్నాడు. అయినా పేరు పేరుగానే ఉండిపోయింది. 1957 నాటి పౌర నమోదు చట్టం, పుట్టుక తెలియదని చాటే ఇలాంటి ఇంటిపేర్లను మార్చుకునే వీలు కల్పించింది. కొందరు మార్చుకున్నారు, కొందరు అట్టే పెట్టుకున్నారు. ఇవాళ ఈ పేరుతో ఎవరైనా తారసపడితే సిగ్గుపడాల్సింది వాళ్ళు కాదు. ఆ పేరు వాళ్ళ మీద రాసిన సమాజం.

దె ల ఇగ్లేసియా, సాన్ హొసె, దియోస్‌దాదో ఉన్నవాళ్ళంతా అనాథాశ్రమం నుంచి వచ్చినవాళ్ళేనా?

కాదు. ఎక్స్‌పోసితో అనే ముద్ర వద్దనుకున్న ఆశ్రమాలు, గురువులు ఇలాంటి పేర్లు ఇచ్చిన మాట నిజమే. దియోస్‌దాదో అంటే దేవుడిచ్చినవాడు. ఆశ్రమాన్ని కాచే పునీతుడి పేరునో, బిడ్డ దొరికిన రోజు పండుగనో ఇంటిపేరు చేసిన ఊళ్ళూ ఉన్నాయి. కానీ అవే పేర్లు ఊళ్ళ నుంచి, చర్చి పక్క ఇళ్ళ నుంచి కూడా వచ్చాయి. పేరు చూసి ఎదుటివాళ్ళ పుట్టుక గురించి మాట్లాడటం తప్పు. జ్ఞానస్నానం పుస్తకంలో తల్లిదండ్రుల పేర్లు ఉన్నాయో లేవో చూస్తేనే తేలుతుంది.

సాంతా మరియా, సాంతా ఫే లాంటి ఇంటిపేరుంటే పూర్వీకులు యూదులని అర్థమా?

అందరికీ వర్తించదు. ఈ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 1391లో సెవియా నగరంలో మొదలైన దాడులు ఊరూరా పాకాయి. యూదులు వేలాదిగా మతం మారారు. ఆ కాలంలోనే బుర్గోస్ పట్టణపు యూద గురువు సాలొమోన్ హ లేవి జ్ఞానస్నానం తీసుకుని పాబ్లో దె సాంతా మరియా అయ్యాడు, తర్వాత అదే ఊరికి బిషప్పయ్యాడు. యోషువా హ లోర్కి అనే పండితుడు హెరోనిమో దె సాంతా ఫే అయ్యాడు. కొలంబస్ యాత్రకు డబ్బు సమకూర్చిన లూయిస్ దె సాంతాన్హెల్ కూడా మతం మారిన యూద కుటుంబీకుడే.

కానీ మతం మారిన మరెందరో జ్ఞానతండ్రి (జ్ఞానస్నానంలో అండగా నిలిచే పెద్ద) ఇంటిపేరునో ఊరి పేరునో తీసుకున్నారు. తరతరాలుగా క్రైస్తవులైనవాళ్ళకు కూడా సాంతా మరియా ఇంటిపేరు ఉంది. 1492లో బహిష్కరించిన యూదుల సంతతికి పౌరసత్వం ఇస్తూ స్పెయిన్ 2015లో చట్టం చేసినప్పుడు కూడా ఇంటిపేరు ఒక్కటే సరిపోలేదు, వేరే ఆధారాలూ చూపించాల్సి వచ్చింది. ‘ఈ జాబితాలో మీ ఇంటిపేరుంటే మీరు యూదులే’ అనే వెబ్‌సైట్లను నమ్మకండి.

తెరెసా దె హెసూస్, హువాన్ దె లా క్రూస్ వీటిలో ఉన్నవి ఇంటిపేర్లేనా?

కావు. పదహారో శతాబ్దపు ఈ ఇద్దరు స్పెయిన్ పునీతులు సన్యాసంలో తీసుకున్న పేర్లవి. 1515లో పుట్టిన తెరెసా పుట్టింటి పేర్లు సెపేదా, అహుమాదా. ఆమె తాతగారు యూద మతం నుంచి మారినవారు. హువాన్ అసలు ఇంటిపేరు యేపెస్. మెక్సికో కవయిత్రి సోర్ హువానా ఇనెస్ దె లా క్రూస్‌దీ ఇదే సంగతి. కాబట్టి దె లా క్రూస్ ఇంటిపేరున్నవాళ్ళు ఆ పునీతుడి వంశమన్న మాట కుదరదు.

## సముద్రం దాటాక

లాటిన్ అమెరికాలో దె హెసూస్, దె లా క్రూస్, రొసారియో అంత ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయి?

ఎక్కువ భాగం సామూహిక జ్ఞానస్నానాల వల్ల. మెక్సికో ఆదివాసులకు గురువులు హువాన్ దియేగో, పేద్రో దె సాంతియాగో అన్నట్టు రెండేసి మతపరమైన పేర్లు పెట్టారు. ఆ రెండో ముక్క కొన్ని కుటుంబాల్లో ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళకు యజమాని పేరు, జ్ఞానతండ్రి పేరు, లేదా ఇలాంటి భక్తి పేరు వచ్చింది. రొసారియో అంటే జపమాల. ఈ ఇంటిపేరున్న ప్రతి మనిషి వెనకా ఇదే చరిత్ర ఉందని కాదు. కానీ పాత పేరు పోయి కొత్త పేరు వచ్చిన చోట ఎంతమంది భాష, వంశం జ్ఞాపకం చెరిగిపోయాయో మరచిపోకూడదు.

ఫిలిప్పీన్స్‌వాళ్ళకి స్పానిష్ ఇంటిపేర్లు ఎలా వచ్చాయి? వాళ్ళంతా స్పెయిన్ సంతతా?

దాదాపు ఎవరూ కాదు. మతం మారినవాళ్ళు తమకు నచ్చిన పునీతుల పేర్లు పెట్టుకుంటూ పోయారు. వేలమందికి ఒకే పేరు వచ్చింది, అన్నదమ్ములకు వేరే పేర్లు వచ్చాయి, పన్నుల లెక్క కుదరలేదు. 1849 నవంబర్ 21న గవర్నర్ జనరల్ నార్సీసో క్లవెరియా ఉత్తర్వు ఇచ్చాడు. సుమారు 60 వేల ఇంటిపేర్ల జాబితా అచ్చువేయించి రాష్ట్రాలకు పంపాడు. జాబితా పుటలు ఊళ్ళకు పంచారు. అందుకే కొన్ని ఊళ్ళలో ఇంటిపేర్లన్నీ ఒకే అక్షరంతో మొదలయ్యాయి.

నాలుగు తరాలుగా ఒక ఇంటిపేరు వాడుతున్నట్టు చూపిస్తే అది ఉంచుకోవచ్చన్నారు, అది పునీతుడి పేరైనా సరే. కానీ దె లా క్రూస్, దె లోస్ సాంతోస్ లాంటివి అప్పటికే లెక్కకు మించిపోయాయని ఆ వెసులుబాటు ఇవ్వలేదు. ఉత్తర్వు అంత గట్టిగా చెప్పినా ఆ పేర్లు పోలేదు. ఫిలిప్పీన్స్‌లో ఇప్పటికీ అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది దెలా క్రూస్ ఇంటిపేరే. మనం ‘సుబ్బారావు అనే ఒకాయన’ అన్నట్టు వాళ్ళు సామాన్యుడిని ‘హువాన్ దెలా క్రూస్’ అంటారు.

గోవాలో డిక్రూజ్, రొజారియో ఉన్నారు కదా, అవీ స్పానిష్ పేర్లేనా?

అవి పోర్చుగీసు నుంచి వచ్చాయి. పోర్చుగీసువాళ్ళు 1510లో గోవాను పట్టుకున్నారు. స్పానిష్‌లో దె లా క్రూస్ అన్నది పోర్చుగీసులో ద క్రూస్, దె లోస్ సాంతోస్ అన్నది దుస్ సాంతుస్. బ్రెజిల్ ఆటగాడు నెయ్‌మార్ పూర్తి పేరులో ఉన్న సాంతోస్ కూడా పోర్చుగీసు వైపుదే. తెలుగు క్రైస్తవుల్లో ఎక్కువమంది పాత ఇంటిపేరు ఉంచుకుని మనిషి పేరు మాత్రమే మార్చుకున్నారు. అందుకే మన దగ్గర డిక్రూజులు అరుదు.

మరి శౌరి, లొయోలా?

ఇవి తిరగబడ్డ కథలు. 1542లో గోవా చేరిన ఫ్రాన్సిస్ శౌరివారి పేరు నవార్‌లోని హవియెర్ కోట నుంచి వచ్చింది. బాస్క్‌లో ఆ మాటకు ‘కొత్త ఇల్లు’ అని అర్థం. అందులో మతం ఏమీ లేదు. ఆయన పునీతుడయ్యాకే అది మతం పేరయింది. ఇంగ్లిషులో జేవియర్ అయి, తెలుగు కాథలిక్కుల ఇళ్ళలో శౌరయ్య, శౌరమ్మ అయింది. విజయవాడ ఆంధ్ర లొయోలా కళాశాల పేరులో ఉన్న లొయోలా కూడా బాస్క్ ప్రాంతంలో పునీత ఇగ్నేషియస్ పుట్టిన ఇంటి పేరే.

## వెతికేవాళ్ళకు, పిలిచేవాళ్ళకు

ఒక ఇంటిపేరు అసలు మూలం ఎలా తెలుసుకోవాలి?

అర్థం నుంచి కాదు, మనిషి నుంచి మొదలుపెట్టండి. తాతగారి జనన పత్రం, అక్కడినుంచి వెనక్కి విచారణ పుస్తకాల్లో పెళ్ళి, జ్ఞానస్నానం నమోదులు. స్పెయిన్ జాతీయ గణాంక సంస్థ వెబ్‌సైటులో ఇంటిపేరు కొడితే అది ఏ ప్రావిన్సులో ఎంతమందికి ఉందో చూపిస్తుంది. అరుదైన పేరు ఒకే చోట గుమిగూడి ఉంటే ఊరి పేరు అయ్యుండే అవకాశం ఎక్కువ. క్రూస్ లాంటిది దేశమంతా పరుచుకుని ఉంటుంది, పటం వల్ల ఉపయోగం తక్కువ. అలాగే ‘మీ ఇంటిపేరు వంశచిహ్నం’ అని అచ్చువేసి అమ్మేవి కొనకండి. చిహ్నం ఇచ్చింది ఫలానా వంశానికి, ఆ ఇంటిపేరున్న అందరికీ కాదు.

జాబితాలో దె లా క్రూస్‌ను ఏ అక్షరం కింద వెతకాలి?

స్పెయిన్‌లో క్రూస్ కింద. అమెరికాలో, ఫిలిప్పీన్స్‌లో ఎక్కువగా ‘ద’ కింద. దొరకకపోతే రెండు చోట్లా చూడండి.

ఈ పేర్లు ఎలా పలకాలి? ఆఫీసులో ఎవరినైనా ఏ పేరుతో పిలవాలి?

హెసూస్ అన్న పేరును ఇంగ్లిషు స్పెల్లింగు చూసి జీసస్ అని చదవకండి. స్పానిష్‌లో ఆ అక్షరం మన ‘హ’కు దగ్గర. క్రూస్ చివరి అక్షరం లాటిన్ అమెరికాలో ‘స’లా, స్పెయిన్‌లో చాలా చోట్ల నాలుక పళ్ళ మధ్య పెట్టి పలికే ‘థ’లా ఉంటుంది. రెండు ఇంటిపేర్లుంటే మర్యాదగా పిలిచేటప్పుడు మొదటిది వాడాలి. నవలా రచయిత గార్సియా మార్కెస్ గారిని గార్సియా అనో, గార్సియా మార్కెస్ అనో అనొచ్చు గానీ, ఒట్టి మార్కెస్ అనకూడదు. అమెరికాలో స్థిరపడినవాళ్ళు చాలామంది ఒకటే ఇంటిపేరు వాడుతున్నారు. ఏ పేరుతో పిలవమంటారని మొదటి రోజే అడిగేయండి, సంతోషంగా చెబుతారు.